పౌడరు అద్దిన దుర్భిణీ

వస్తువులకు వచ్చే ముసలితనం ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరు. ఇనుముకు తుప్పు వస్తుంది. చెక్కకు చెద పడుతుంది. ఇత్తడి నల్లబడుతుంది, చింతపండు పెట్టి రుద్దితే, పాపం, పెళ్లినాటి మెరుపు ఒక్కపూటకైనా తెచ్చుకుంటుంది. పుస్తకం పసుపుపచ్చనై పెళుసుబారుతుంది. ఇవన్నీ మనకు అలవాటైన వార్ధక్యాలే. వాటిల్లో ఒక హుందాతనం కూడా ఉంది. తమ మానాన తాము పాతబడతాయే గాని మన జోలికి రావు. కాని ఇప్పుడు మన ఇళ్లలోకి ఇంకోరకం ముసలితనం వచ్చింది. అది ముట్టుకున్నవాణ్ణి వదలదు. చేతికి బంకగా అంటుకుని, సబ్బు పెట్టి కడిగినా నల్లగా వేళ్ల సందుల్లోనే ఉండిపోతుంది.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. బీరువా పై అరలోనో, అటక మీది ట్రంకుపెట్టెలోనో చూడండి. పాతికేళ్ల కిందట ఎవరో విదేశాల నుంచి తెచ్చిన టార్చిలైటో, కెమెరావో, దుర్భిణీయో. చేతికి మెత్తగా, జారకుండా ఉండాలని పైన నల్లటి రబ్బరు తొడుగో, రబ్బరులాంటి పూతో వేసి అమ్మిన సరుకు. కొత్తలో దాన్ని ముట్టుకున్న ప్రతివాడూ "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అనే ఉంటాడు. ఇవాళ ముట్టుకుంటే పనసకాయ కోసిన చెయ్యే. తమాషా ఏమిటంటే లోపలి సరంజామా నిక్షేపంగా ఉంటుంది. దుర్భిణీలో అద్దాలు అద్దాల్లాగే ఉంటాయి. మనల్ని మురిపించిన ఆ పైపూతే ముందుగా చెడుతుంది.

నిజానికి బంకదనం రబ్బరుకు మధ్యలో వచ్చిన జబ్బు కాదు, పుట్టుగుణం. 1830లలో అమెరికాలో రబ్బరు బూట్లు, రబ్బరు కోట్లు అంటూ జనం ఎగబడి కొన్నారు. చలికాలంలో అవి కట్టెల్లా బిగుసుకునేవి, ఎండాకాలంలో కరిగి కంపుకొట్టేవి. చార్లెస్ గుడియర్ అనే ఆయన తపాలావాళ్ల కోసం రబ్బరు సంచులు చేస్తే, అవీ వేసవి వేడికి కరిగిపోయాయి. ఆయన పట్టు వదలక 1839లో రబ్బరును గంధకంతో కలిపి కాలిస్తే ఆ పిచ్చి కుదురుతుందని కనిపెట్టాడు. ప్రపంచమంతా ఆ కిటుకు మీద చక్రాలేసుకుని తిరిగింది గాని ఆయన మాత్రం 1860లో అప్పులతోనే పోయాడు. గంధకం చేసిన పని రబ్బరు గుణాన్ని మార్చడం కాదని నాకనిపిస్తుంది, కొంతకాలం అదుపులో ఉంచడం. వేడీ, గాలీ, కాలమూ కలిస్తే మళ్లీ పాతబుద్ధి పైకి వస్తుంది.

అయితే మన దుర్భిణీల మీద ఉన్నది ఎప్పుడూ చెట్టు రబ్బరే కాదు. 1937లో జర్మనీలో ఒటో బేయర్ బృందం పాలీయురెథేన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. ఆ కుటుంబంలోని మెత్తటి పూతలు 1990ల నుంచి బాగా వాడకంలోకి వచ్చాయి. వీటిల్లో కొన్ని రకాలకు గాలిలోని తేమే శత్రువు. నీటి ఆవిరి మెల్లమెల్లగా చొరబడి పొడుగాటి అణువుల గొలుసులను అక్కడక్కడ తెంచుతుంది. గొలుసు తెగినచోట గట్టిదనం పోయి జిగురు మిగులుతుంది. వేడి ఉంటే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక దర్శిలో వేడి సంగతి చెప్పాలా? మేనెలలో అక్కడ ఇనప బీరువా తలుపు మీద చెయ్యి వేస్తే వెనక్కి తీసుకోవలసిందే. ఆ తర్వాత అక్టోబరు, నవంబరులలో తుపాను ముసురు. ఒక ఎండా, ఒక ముసురూ, మళ్లీ ఎండా. విదేశీ ఫ్యాక్టరీలో పూత వేసినవాడు ఈ క్యాలెండరును చూసి ఉండడు. ఆ ప్రాంతపు సొంత వస్తువు వేరే ఉంది: మార్కాపురం పలక. రాయి పొరను చీల్చి, చెక్క చట్రం బిగించిన పలక. దాని మీద ఎన్ని తరాలు దిద్దినా, ఎంతమంది పిల్లలు ఉమ్మేసి తుడిచినా అది చేతికి అంటుకున్న దాఖలా లేదు. చేతికి మెత్తగా ఉంటానని అది ఎవరికీ మాటివ్వలేదు మరి.

మా పిన్నిది దర్శి. బాబాయి సాగర్ కాలవల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలిన తర్వాత ఆ మెట్టసీమలో నీళ్లు పారినంత మేరా వరిచేలు లేచాయి, గట్లమీద కొంగలూ, నీటికాకులూ, లకుముకి పిట్టలూ చేరాయి. బాబాయికి పిట్టలంటే సరదా. సింగపూరు నుంచి వచ్చే బంధువు చేత 8×40 దుర్భిణీ తెప్పించుకున్నాడు. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 40 అంటే ముందు అద్దం అడ్డుకొలత అన్ని మిల్లీమీటర్లని అర్థం. ఆయన పిట్టల్ని చూసేది ఒక వంతు, ఎగువన ఎవడు రాత్రికి రాత్రి కాలవలో పైపు వేశాడో చూసేది మూడు వంతులని ఊళ్లో అనుకునేవారు. నీళ్లు చివరిదాకా అందని చోట, దుర్భిణీ ఉన్న కాలవ ఉద్యోగి గురించి ఇంకెలా అనుకుంటారు?

ఆయన పోయి ఆరేళ్లయింది. దుర్భిణీ బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది. ఏటా ఆబ్దికం నాడు పిన్ని దాన్ని బయటికి తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ లోపల పెట్టేది. పోయిన వేసవిలో నేను వెళ్లినప్పుడు చూస్తే ఒళ్లంతా బంక. నూలుపోగులు, తెగిన జరీముక్క, ఒక చచ్చిన చీమ అందులో ఇరుక్కుని ఉన్నాయి. ఒకపక్క నాలుగు వేళ్ల అచ్చులు స్పష్టంగా దిగి ఉన్నాయి.

దాన్ని ఏం చెయ్యాలన్న విషయంలో ఇంట్లో మూడు మతాలు. పిన్ని పెద్దకొడుకు, అంటే మా తమ్ముడు, ఒంగోలులో పాతసామాన్లు కొనే ఆసామి ఒకణ్ణి చూసిపెట్టాడు. "ముఖాన రాసుకునే పౌడరు కాస్త అద్దితే బంక తెలవదన్నా. పట్టుకెళ్లి ఇచ్చేస్తా" అన్నాడు. వాడి కొడుకు, పదో క్లాసువాడు, తుడిచి తనకిచ్చెయ్యమన్నాడు. వాడికి తాతగారి పిట్టల పిచ్చి వచ్చింది. పిన్ని మాత్రం "దాని జోలికి పోవద్దు. ఆయన వేళ్లు అట్టనే పడున్నాయి చూడండి" అంది.

ముందు పౌడరు సంగతి. పౌడరు చెడ్డదేం కాదు. క్యారమ్స్ బోర్డు మీద చల్లుకుంటాం, పసిపిల్లలకు అద్దుతాం. బంకపట్టిన రబ్బరు మీద అద్దితే నిజంగానే నున్నగా అవుతుంది. కాని నెలా రెండు నెలల్లో ఆ బంక పౌడరునంతా తాగేసి, బూడిదరంగు తిరిగి, మళ్లీ మొదటికి వస్తుంది. సొంత వస్తువుకు అద్దుకుంటే అది కాలక్షేపపు వైద్యం. కొనబోయేవాడికి తెలియకుండా అద్దితే? "కొనేవాడు చూసుకోవద్దా?" అన్నాడు మా తమ్ముడు. లోకంలో సగం బేరాలు ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తున్నాయి. రంగేసిన పాత స్కూటర్లు, పెళ్లిచూపులనాడు మాత్రమే మృదువుగా మాట్లాడే పెళ్లికొడుకులు, అన్నీ ఇందులోకే వస్తాయి.

దీని మీద మన చట్టం చేసిన తేడా నాకు ముచ్చటగా ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతుంది. తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం మోసం. ఉత్తినే నోరు మూసుకుని ఊరుకోవడం మాత్రం మోసం కాదు. అయితే చెప్పవలసిన బాధ్యత ఉన్నచోట, మౌనమే మాటతో సమానమైన చోట అదీ మోసమే. ఈ లెక్కన బంక దుర్భిణీని ఉన్నదున్నట్టు బల్లమీద పెట్టి ఊరుకుంటే ఒక సంగతి, పౌడరు డబ్బా మూత తీస్తే ఇంకో సంగతి. తమ్ముడికి ఇదంతా చెప్పాను. "అయిదొందల బేరానికి సెక్షన్లెందుకన్నా" అని విసుక్కున్నాడు గాని, డబ్బా అయితే పక్కన పెట్టాడు.

చిక్కు వచ్చింది పిన్ని దగ్గర. ఆవిడ మాటను మూఢత్వమని కొట్టిపారేయడం నాకు చేతకాదు. పోయినవాళ్ల కళ్లజోడు, చేతికర్ర, ఊతపదం — మనిషి ఏ వస్తువులో మిగిలి ఉంటాడో బయటివాడు ఎలా చెబుతాడు? మా తమ్ముడు గీతలోని పాతబట్టల ఉపమానం ఎత్తుకున్నాడు. "అది ఆత్మకు చెప్పిందిరా, బీరువాకి కాదు" అంది పిన్ని. ఇంత మంచి వ్యాఖ్యానం నేను పండితుల దగ్గర కూడా వినలేదు.

కాని ఆ వేళ్ల అచ్చులు ఆయనవి కావు. కావడానికి వీల్లేదు. ఆయన చేతుల్లో ఉన్నన్నాళ్లూ ఆ పూత గట్టిగానే ఉంది, గట్టి పూత మీద వేళ్లు దిగవు. అది మెత్తబడింది ఆయన పోయాక, బీరువాలో. ఆ తర్వాత దాన్ని పట్టుకున్న చెయ్యి ఒక్కటే. ఈ సంగతి నాకు చూడగానే తట్టింది. చెప్పాలా? మానాలా? తమ్ముడి ముందు 17వ సెక్షను చదివినవాణ్ణి నేనే. నా మౌనం వల్ల పిన్నికి డబ్బు పోదు, మనశ్శాంతే మిగులుతుంది. కాని ఆ నమ్మకం మీదే కదా దుర్భిణీని తుడవద్దంటోంది? అది అలాగే ఉంటే ఇంకో రెండేళ్లలో చీరలకీ దానికీ తేడా తెలియదు, పిల్లవాడికి కళ్లముందున్న వస్తువు దక్కదు. అలాగని అడగనిదానికి ఎదురెళ్లి చెప్పడం పెద్దరికం అనిపించుకోదు. ఎవరి నమ్మకంలోనైనా మనం పిలవకుండా వేలు పెట్టకూడదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు. ఆ రెంటి మధ్యన నిలబడ్డాను.

పిన్నే అడిగింది. "ఇవి ఆయనవేగదరా?"

"ఆయన పట్టుకున్నప్పుడు ఇది గట్టిగా ఉండేది పిన్నీ" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన వేళ్లు ఆ గుంటల్లో పెట్టి చూసుకుంది. "అయితే ఇన్నేళ్ల బట్టీ నా వేళ్లకే నేను దండం పెట్టుకుంటన్నానన్నమాట" అని నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో నేను తేల్చి చెప్పలేను. బయటికి వచ్చాక తమ్ముడు నామీద మండిపడ్డాడు, "ఆ మాట అమ్మతో అనాల్నా? అవునంటే నీ సొమ్మేం పోయింది?" అని. పౌడరు అద్దుదామన్నవాడూ వాడే. పరాయివాడి దగ్గర లాభం కోసం, తల్లి దగ్గర ప్రేమ కోసం, రెండుచోట్లా నిజాన్ని కాస్త మెత్తగా పూత వేసి ఇవ్వడమే వాడి పద్ధతి. వాడి కోపంలో న్యాయం లేదని అనను. నేనయితే మళ్లీ అడిగినా ఆ జవాబే చెబుతాను.

మర్నాడు పొద్దున పిన్ని తనే దుర్భిణీ తెచ్చి ఇచ్చింది. ఇక తుడిచిన విధం చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. కిరసనాయిలు, పెట్రోలు, గోళ్లరంగు తుడిచే మందు, ఇవేవీ వద్దు. కింద ఉన్న ప్లాస్టిక్కునూ రబ్బరునూ కూడా తినేస్తాయి. కొబ్బరినూనె రాస్తే చేతి బంక వదులుతుంది గాని రబ్బరు ఇంకా ఉబ్బుతుంది. మందులషాపులో దొరికే స్పిరిట్ చాలు. అద్దాలకు ముందు మూతలు పెట్టి, పాత నూలుగుడ్డను స్పిరిట్‌లో తడిపి బాగా పిండి, అరచెయ్యంత మేర తుడిచి, ఆ గుడ్డ పారేసి ఇంకో గుడ్డ తీసుకోవాలి. దుర్భిణీ మీద నేరుగా పొయ్యకూడదు. కీళ్లలోకి, అద్దాల అంచుల్లోకి దిగుతుంది. మొండి చోట్ల వంటసోడా ముద్దతో మెల్లగా రుద్దవచ్చు. పైది పల్చటి పూత అయితే మొత్తం ఊడివస్తుంది. మందపాటి రబ్బరు తొడుగయితే పైపొర మాత్రమే పోతుంది, దాన్ని పీకే సాహసం చెయ్యవద్దు. మాది పూతే. రెండు పాత ధోవతులు, ఒక మధ్యాహ్నం ఖర్చయ్యాయి. పూతతో పాటే దానిమీద అచ్చువేసిన 8×40 అన్న తెల్ల అక్షరాలూ పోయాయి. కింద నున్నటి నల్ల ప్లాస్టిక్కు, చూడ్డానికి పలకలాగే ఉంది.

కుడికన్ను గొట్టం దగ్గర ఒక చిన్న రింగు ఉంటుంది. మనిషికి రెండు కళ్ల చూపూ ఒక్కలాగే ఉండదు గదా, ఆ తేడాను సరిదిద్దుకునేందుకు. అది బంకకు బిగిసిపోయి కదలకుండా ఉంది. చుట్టూ తుడిచాక చూస్తే, మధ్య సున్నా దగ్గర కాదు, మైనస్ వైపు రెండు గీతలు జరిగి ఉంది. బాబాయి తన కంటికి తిప్పి పెట్టుకున్నచోటే బిగుసుకుంది. ఆ సంగతి పిన్నికి నేనే చెప్పాను, ఈసారి అడక్కుండానే.

పిల్లవాడు వెంటనే తిప్పలేదు. నోటుపుస్తకంలోంచి చిన్న కాగితం చించి "కుడికన్ను, మైనస్ రెండు గీతలు" అని రాసి, తోలుసంచి అడుగున పెట్టి, అప్పుడు రింగు తన కంటికి తిప్పుకున్నాడు. సాయంత్రం కాలవగట్టు మీద ఒక లకుముకి పిట్టనూ, ఒక పాలపిట్టనూ చూశామన్నాడు. పిన్ని కూడా ఒకసారి తీసుకుని చూసింది. ఆవిడకు అంతా మసకగానే ఉందిట. శుక్లాల ఆపరేషనుకు ఒంగోలు తీసుకెళ్లమని తమ్ముడికి అప్పుడే పురమాయించింది.