పట్టుదల ఎవరిది?

"పట్టుదల లేనివాడికి చదువు రాదు" అంటాం. మధ్యలో మానేస్తే అది మనిషి స్వభావంలోని లోపమేనన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. మైపాడులో ఉంటూ, ఈ వయసులో తమిళం చదవడం నేర్చుకుంటున్న నాకు ఆ తీర్పు న్యాయంగా తోచదు.

1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకా బలపం పట్టారు. వాళ్ళకి తీరికేది? టైంటేబుల్ ఎవరిచ్చారు? సారా వల్ల చితికిన కాపురం గురించి వాళ్ళ పాఠాల్లోనే ఉండేది. చదివితే తమ ఇల్లే కనబడింది. పక్కన తమలాంటి మనిషే కూచుని ఉంది. దూబగుంటలో ఆ చదువు సారా మీద తిరుగుబాటైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మరి సంకల్పానికి విలువే లేదా? ఉంది. కాకపోతే అది మొదటి వారానికి చాలుతుంది. నలభయ్యో రోజుకి అవసరం కావాలి, తోడు కావాలి. నేను రోజుకి అయిదు వాక్యాలే పెట్టుకున్నాను. అవి చెన్నైలో ఉన్న మా చెల్లెలికి ఫోన్లో చదివి వినిపిస్తాను. తను ఎదురుచూస్తుందనే చదువుతాను. ఇందులో నా పట్టుదల ఎంతో, తనది ఎంతో విడదీయలేను.

మానేసినవాణ్ణి సోమరి అనే ముందు, వాడి పక్కన ఎవరైనా కూచున్నారా అని అడగాలి.