పసికందు చేసిన పాపమేమిటి?

మంచిర్యాల, మందమర్రి, శ్రీరాంపూర్ వంటి సింగరేణి బస్తీలలో ఒక ఇంటి మాట మరో ఇంటికి చేరడానికి ఒక్క షిఫ్టు చాలు. ఫలానా బాలింతకు హెచ్.ఐ.వి. ఉందని తెలిస్తే చాలు, ఆమె బిడ్డకు వచ్చే ప్రతి జ్వరాన్నీ మనం 'చేసిన పాపం' ఖాతాలో రాసేస్తాం. ఇది న్యాయమేనా?

ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది. ప్రతి శిశువూ నిర్మల స్వభావంతోనే పుడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. ఎందరో తల్లులకు ఈ వ్యాధి భర్త ద్వారానే సంక్రమించింది. వారి సంగతి అల్లాహ్‌కు తెలుసు. బిడ్డ మాత్రం ఏ లెక్కన చూసినా నిర్దోషి.

చికిత్స లేకపోతే ఇలాంటి తల్లులకు పుట్టిన నూరుమంది బిడ్డలలో 15 నుండి 45 మందికి వ్యాధి సోకుతుంది. తల్లి గర్భవతిగా ఉన్నప్పటి నుండే మందులు వాడి, పుట్టిన బిడ్డకూ మందు ఇస్తే ఆ సంఖ్య 5 లోపుకు తగ్గుతుంది. ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తోంది. ఆరో వారంలో బిడ్డకు రక్తపరీక్ష చేయించాలి. ప్రాణాంతకమైన న్యుమోనియా రాకుండా కోట్రిమోక్సజోల్ మందు కూడా అప్పుడే మొదలుపెడతారు.

మార్గం ఇంత స్పష్టంగా ఉండగా తల్లి ఎందుకు వెనుకాడుతుంది? మన నోటికి జడిసి! ఆ భయంతో ఆమె ఆసుపత్రి గడప తొక్కకపోతే, బిడ్డ జబ్బులో మన గీబత్‌కూ వాటా ఉన్నట్టే. పాపం ఎవరిదని అడిగిన మనమే రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి.

ఆమె సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం నిషేధించింది. తోటివారి గుట్టు కాపాడమని ఇస్లాం ఏనాడో చెప్పింది. కనుక సోదర సోదరీమణులారా! ఆ తల్లి గురించి మాట్లాడటం మాని, ఆమెకు తోడుగా ఆసుపత్రికి నడుద్దాం. అల్లాహ్ మన నాలుకలను అదుపులో ఉంచుగాక! ఆమీన్.