ఖాళీ చేయబోయే క్వార్టరులో జామచెట్టు

గోదావరిఖని మే నెల ఎండ గురించి పాఠక సోదరులకు మేము చెప్పనక్కరలేదు. ఉదయం కడిగిన ఆకులపై సాయంత్రానికల్లా మళ్ళీ బొగ్గుధూళి పేరుకుంటుంది. అలాంటి ఒక శుక్రవారం, జుమా నమాజు తర్వాత సింగరేణి కార్మిక సోదరుడొకరు మమ్మల్ని అడిగారు: "మౌలానా సాబ్, వచ్చే నెల రిటైరవుతున్నాను. క్వార్టరు అప్పగించాలి. పదేళ్ళు పెంచిన జామచెట్టుకు ఇంకా నీళ్ళెందుకు మోయాలి? పండ్లు తినేది ఎవరో కదా!"

వెంటనే జవాబివ్వలేకపోయాం. ఆయన మాటలో లోభం లేదు, బాధ ఉంది.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి, పశువు, పక్షి ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు తెలుపుతోంది. ముస్లిం గ్రంథంలోని మరో ఉల్లేఖనం ప్రకారం దొంగిలించబడినది కూడా సదఖాయే! దొంగ తిన్న పండుకే పుణ్యం ఉన్నప్పుడు, తర్వాత వచ్చే కార్మికుని పిల్లలు తిన్నదానికి ఉండదా?

అయితే నీళ్ళ సంగతి వేరు. పొరుగువారి బిందె ఖాళీగా ఉండగా చెట్టుకు పైపు పెట్టడం పుణ్యకార్యం కాదు. దైవప్రవక్త (సఅసం) ఒక్క ముద్ నీటితో వుజూ చేసేవారు. వుజూ నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పట్టి ఉంచి, పొద్దువాలాక పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే ముదిరిన జామకు చాలు. (మల్లె అలా కాదు, వేసవిలోనే పూస్తుంది, దానికి నీళ్ళు కావాలి.)

"వచ్చినవారు నరికేస్తే?" అన్నారాయన.

అది వారి లెక్క అన్నాం. తాళంచెవులు ఇచ్చే రోజున ఆ చెట్టుకు ఎప్పుడు, ఎన్ని నీళ్ళు పోయాలో మాత్రం వారికి చెప్పి వెళ్ళమన్నాం.