గజేంద్రుని పాదము

శ్రియఃపతియైన శ్రీమన్నారాయణుడు ఆర్తత్రాణపరాయణుడని పురాణములన్నియు చాటుచున్నవి. ఆర్తి పలువిధములు. ఆకలి ఒక ఆర్తి, భయమొక ఆర్తి, అవమానమొక ఆర్తి. వీనికంటె విచిత్రమైన ఆర్తి మరియొకటి కలదు. తన దేహములోని అవయవమే తనది కాదన్నట్లు అగుట. కాలు ఉన్నది, నేలను తాకుచున్నది, తాకినట్లు మాత్రము తెలియదు. ఒకప్పుడు తిమ్మిరి, ఒకప్పుడు సూదులతో గ్రుచ్చినట్లు పోటు, ఒకప్పుడు నిప్పులపై నిలిచినట్లు మంట, మరియొకప్పుడు ఏమియు లేని శూన్యము.

నల్లగొండ, మహబూబునగరము సీమలలో ఈ ఆర్తిని ఎరుగని గ్రామములు అరుదు. యాదగిరిగుట్టపై శ్రీలక్ష్మీనరసింహస్వామి సన్నిధికి, మన్యంకొండపై శ్రీవేంకటేశ్వరుని సన్నిధికి వచ్చు యాత్రికులను గమనించినచో, కర్రపై ఆనుకొని, ముందునకు వంగి, పాదములను నేలపై ఈడ్చుచు నడచువారు కనిపింతురు. "కాళ్లు నావి కావన్నట్టు అయినయి. ఏ జన్మల ఏం జేసిన్నో" అని వారు అనుట వినబడును. కాళ్లు మొద్దుబారుట ఒక బాధ. అది తన పాపఫలమని లోలోపల కుములుట రెండవ బాధ. మొదటిది దేహమునకు, రెండవది మనస్సునకు. ఈ రెండవ బాధను శాస్త్రము నిజముగా విధించినదా అన్నది విచారింపవలసిన విషయము.

ఇందులకు శ్రీమద్భాగవతము అష్టమస్కంధములోని గజేంద్రమోక్షమే ఆధారము. ఆ కథయందు ఆపద ఎక్కడ ఆరంభమైనది? కాలియందు. ఆపద ఎక్కడినుండి వచ్చినది? నీటినుండి. త్రికూటపర్వతముపై, వరుణుని ఉద్యానవనములో, పద్మములతో నిండిన సరస్సులో దప్పిక తీర్చుకొనుటకే గజేంద్రుడు దిగెను. దప్పిక పాపము కాదు. నీరు త్రాగుట అపరాధము కాదు. ఆ నీరు చూచుటకు నిర్మలముగనే ఉండెను. ఆ నీటి లోపలినుండియే మకరము వచ్చి కాలు పట్టెను.

నల్లగొండ సీమలో జరిగినదియు ఇదియే. ఈ ప్రాంతపు నేల క్రింద నల్లరాతి పొరలు కలవు. ఆ రాతిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు అను పదార్థము కరగి భూగర్భజలములో చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు, నీరు చూచుటకు స్వచ్ఛముగనే ఉండును. త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లిగ్రాము వరకు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లిగ్రాములకు మించరాదనియు మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు మండలముల బావులలో, బోరుబావులలో అంతకు ఎన్నో రెట్లుండెను. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారి దంతములపై మచ్చలు పడును, ఎముకలు దళసరియగును, కీళ్లు బిగుసుకొనును. వెన్నెముకను కట్టియుంచు బంధనములు సైతము ఎముకవలె గట్టిపడి, వెన్నుపాము సాగు మార్గమును ఇరుకు చేయును. వెన్నుపాము, దానినుండి వెలువడు నాడులు నొక్కుకొనిపోగా, కాళ్లలో తిమ్మిరి, స్పర్శలేమి, బిగువు, తుదకు నడవలేని స్థితి ఏర్పడును.

మన దేశములో ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిరి. నల్లగొండ జిల్లాలోని బాధితులపై 1955లో శాస్త్రీయ పరిశోధన వెలువడినది. ఈ జిల్లాలోనే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో లోకమునకు తెలిపిరి. అంతకు ముందు ఎన్ని తరములు తమ కాళ్లకు ఏమైనదో తెలియకయే, దిష్టియనియు, శాపమనియు, పూర్వజన్మ పాపమనియు తలచి వెళ్లిపోయినవో!

ఇచ్చట ఒక్క మాట ఆలోచింపవలెను. ఒకే బావినీరు త్రాగిన ఊరంతయు వంగిపోయినది. వేరు నీరు త్రాగిన పొరుగూరు నిటారుగా నిలిచినది. ఒక ఊరివారందరు ఒకే పాపము చేసిరా? పాలు త్రాగు వయసు దాటగానే ఆ నీరు త్రాగిన పసిపిల్ల ఏ అపరాధము చేసినది? కర్మసిద్ధాంతము అసత్యమని ఎవరును అనరు. కాని కర్మగతి మిక్కిలి గహనమైనదని గీతాచార్యుడే సెలవిచ్చెను. గహనమైనదానిని మన ఇరుగుపొరుగు వారి కాళ్లను చూచి చదివివేయ సాహసించుట శాస్త్రజ్ఞానము కాదు, నిర్దయ.

గజేంద్రునికి పూర్వజన్మ లేదా అని కొందరడుగుదురు. కలదు. అతడు పూర్వము ఇంద్రద్యుమ్నుడను పాండ్యరాజు. మౌనవ్రతుడై శ్రీహరిని ఆరాధించుచుండగా అగస్త్యమహర్షి రాగా, లేచి ఎదురేగలేదు. అందుచేత శాపము కలిగెను. అనగా, ఆ పాదము చిక్కుకొనుటకు మూలకారణము క్రౌర్యము కాదు, దొంగతనము కాదు, పూజాపీఠముపై కూర్చుండియే జరిగిన ఒక ఏమరుపాటు. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి. గరుడారూఢుడై వచ్చిన స్వామి గజేంద్రుని పూర్వజన్మ వృత్తాంతమును అడిగెనా? లేదు. సరస్సులోనికి ఎందులకు దిగితివని నిలదీసెనా? లేదు. అర్హత విచారించెనా? లేదు. సర్వజ్ఞుడైన స్వామియే అడుగని ప్రశ్నను అల్పజ్ఞులైన మానవులు రోగిని అడుగనేల?

స్వామి చేసినదేమి? వ్యాసభగవానుడు చెప్పిన క్రమము గమనింపదగినది. మొదట గజేంద్రుని, పట్టిన మకరముతో కూడ, నీటినుండి పైకి లాగెను. పిమ్మట చక్రముతో మకరపు నోటిని చీల్చి విడిపించెను. ఓర్చుకొనుమని ఉపదేశించి వెళ్లిపోలేదు. కావున వ్యాధికి కారణము వెదకుట, నీటిని మార్చుట, వైద్యుని ఆశ్రయించుట భక్తికి విరుద్ధములు కావు. అవి స్వామి చూపిన మార్గములే. యాదగిరీశుని భక్తులు వైద్యనరసింహుడని కొలుచుట ఊరక కాదు. అచ్చట మండలకాలము నియమముతో ఉండి ప్రదక్షిణలు చేయువారు, ఔషధమును కూడ ఆయన ప్రసాదముగనే గ్రహింపవలెను.

నల్లగొండ ప్రజలు సైతము గజేంద్రునివలె మొరపెట్టిరి. 1996లో లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపుపై నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. తమ నీటిగోడు దేశమునకు వినిపించుటయే వారి ఉద్దేశము. శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి ఈ వ్యాధితోనే పెరిగి, కుంచించుకొనిపోయిన తన దేహమునే సాక్ష్యముగా చూపి, మంచినీటికై పాటుపడి, 2022 జనవరిలో పరమపదించెను. గంగను భువికి తెచ్చిన భగీరథుని పేరున 2016లో ఆరంభమైన పథకము ద్వారా కృష్ణాజలములు ఈ గ్రామములకు చేరినవి. నీరు మారినచో క్రొత్త తరమునకు ఈ మకరపు పట్టు తప్పును. కాని ఇదివరకే గట్టిపడిన ఎముక మరల మెత్తబడుట కష్టము. కావున వృద్ధుల బాధ మిగిలియేయున్నది. మరియొక సంగతి. నీటిని కాచుటచే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొలది దాని పాలు పెరుగును. ఇంటికి కృష్ణానీరు వచ్చుచుండగా రుచి కొరకు పాత బోరునీటికి మరలుట తగదు.

కాళ్ల తిమ్మిరికి ఫ్లోరైడు ఒక్కటియే కారణము కాదు. మధుమేహము, బి-12 విటమిను లోపము, మద్యపానము, కుష్ఠు, వెన్నుపూసల ఒత్తిడి మొదలగు కారణములు అనేకములు కలవు. వీనిలో పెక్కింటికి చికిత్స ఉన్నది, ఆలస్యము చేసిన కొలది నష్టము. రెండు కాళ్లు ఉన్నట్లుండి బలహీనమైనను, మలమూత్రములపై అదుపు తప్పినను, మ్రొక్కు తీరువరకు ఆగక ఆ దినముననే ఆసుపత్రికి చేరవలెను. అన్ని పరీక్షలు చేసినను కారణము తెలియని రోగులు సైతము కొందరు కలరు. వారి దుఃఖము మరింత లోతైనది. పేరులేని బాధను ఇంటివారే నమ్మరు. "చూచుటకు బాగుగనే ఉన్నారు గదా" అందురు. నీటి అడుగున పట్టిన మకరము ఒడ్డున ఉన్నవారికి కనబడదు. కనబడనంత మాత్రమున అది లేదని అనరాదు.

ఇట్టి పాదములు గలవారు క్షేత్రములకు వచ్చునపుడు జాగ్రత్త అవసరము. మధ్యాహ్నపు ఎండలో కాలిన రాతిబండపై వట్టికాళ్లతో ప్రదక్షిణ చేసినచో, స్పర్శ తెలియని పాదము బొబ్బలెక్కును. ఆ సంగతి సాయంకాలమునకు గాని తెలియదు. అది తపస్సు కాదు. చల్లని ప్రాతఃకాలమునో, నీడపట్టుననో ప్రదక్షిణ చేయవచ్చును. శక్తి లేనిచో నిలిచినచోటనే ఆత్మప్రదక్షిణము, అదియు లేనిచో కూర్చుండి మానసప్రదక్షిణము పెద్దల సమ్మతమే. ప్రతి రాత్రియు అరికాళ్లను, వ్రేళ్ల సందులను ఇంటివారిచేత చూపించుకొనవలెను. వేడినీటిలో పాదముంచుటకు ముందు ఆ వేడిని చేతితో ఎరుగవలెను. ఇటుక కాచి కాపడము పెట్టుట మానవలెను.

పెక్కుమంది భక్తులను వేధించు శంక ఇంకొకటి మిగిలినది. "గుట్ట ఎక్కలేను, ప్రదక్షిణ చేయలేను, సాష్టాంగపడి లేవలేను. ఇక నా భక్తి ఏమి భక్తి?" దీనికి మన సంప్రదాయమునందు చక్కని సమాధానము కలదు. భగవద్రామానుజుల సిద్ధాంతమున శరణాగతికి దేశనియమము లేదు, కాలనియమము లేదు, అధికారనియమము లేదు. కాళ్లు ఉండవలెనను నియమము అంతకంటె లేదు. కర్మయోగమునకు శక్తి కావలెను, జ్ఞానయోగమునకు సామర్థ్యము కావలెను. ప్రపత్తికి కావలసినది తన అశక్తతను తాను ఒప్పుకొనుట, రక్షించునను మహావిశ్వాసము. అశక్తతయే అర్హతయైన మార్గమిది. నడవలేనివాడు ఈ మార్గములో వెనుకబడినవాడు కాడు.

గజేంద్రుడు వేయిసంవత్సరములు తన బలముతోనే పోరెను. ఆడయేనుగులు, తోడి గజములు లాగియు విడిపింపలేకపోయినవి. బలము సన్నగిల్లిన పిమ్మట అతడు చేసినదేమి? సరస్సులోని ఒక పద్మమును తొండముతో పైకెత్తి స్వామికి సమర్పించెను. కాలు చిక్కినది గాని తొండము చిక్కలేదు. బంధింపబడినదానిని చూచి విలపించుచు, విడిగా ఉన్నదానిని అతడు మరువలేదు. కాళ్లు మొద్దుబారిన గృహస్థునకు నాలుక కలదు, నామము పలుకుటకు. చేతులు కలవు, తులసి కోయుటకు. చెవులు కలవు, మనుమడు చదువు భాగవతము వినుటకు. అవే అతని తొండము, అతడు ఎత్తిన పద్మము అదియే.

తనకు బాగుచేయుమని స్వామిని అడుగుట సైతము తక్కువ భక్తి కాదు. పదునారవ శతాబ్దమున కేరళదేశపు మేల్పుత్తూరు నారాయణభట్టతిరి వాతరోగముతో అవయవములు స్వాధీనము తప్పి, గురువాయూరప్పని సన్నిధిని కూర్చుండి నారాయణీయమును రచించెను. నూరు దశకములలో భాగవతసారమంతయు ఇమిడ్చిన ఆ మహాకవి, దశకాంతములందు తన రోగమును తొలగింపుమని సిగ్గుపడక ప్రార్థించెను. తండ్రిని అడుగుటకు బిడ్డకు సిగ్గెందులకు?

ఇక చుట్టునున్నవారి ధర్మము. తన పాదము తనకు తెలియనివానికి ఆ పాదమును ఇంకొకరు ఎరుగవలెను. భార్య రాత్రివేళ నూనె రాయుచు పుండు ఉన్నదేమో అని చూచుట, కోడలు మామగారి చెప్పులలోని రాయిని దులుపుట, మనుమడు భుజము అందించి ధ్వజస్తంభము వరకు నడిపించుట, ఇవి చిన్నపనులుగా కనబడును. ప్రతి జీవుని హృదయమందును స్వామి అంతర్యామిగా నెలకొనియున్నాడని నమ్మువారికి ఇవి కైంకర్యములే. గర్భాలయమునందలి శ్రీపాదములను సేవించు భాగ్యము అర్చకస్వాములకే దక్కును. ఇంటిలోని ఈ పాదములను సేవించు భాగ్యము అందరికి కలదు.

ఆర్తరక్షకుడైన యాదగిరీశుడు నీటిలోని మకరమును, మనస్సులోని నిందాభయమును రెండింటిని తన సుదర్శనముతో ఛేదించుగాక. నడువగలవారికి నడువలేనివారియందు కనికరమును, నడువలేనివారికి తనయందు నమ్మకమును ప్రసాదించుగాక.