గుట్టు విప్పే జవాబు

ఖాతాదారుల గుట్టు కాపాడటం బ్యాంకు ఉద్యోగిగా నాకు అబ్బిన అలవాటు. ఆ గుట్టు విప్పకుండానే నలుగురి లెక్క తేల్చవచ్చా? ఇద్దరు కోటీశ్వరులు ఆస్తి ఎంతో చెప్పుకోకుండా ఎవరిది ఎక్కువో తెలుసుకోగలరా అని 1982లో ఆండ్రూ యావో అనే శాస్త్రవేత్త అడిగి, దారి కూడా చూపాడు.

2008లో డెన్మార్కు చక్కెర దుంప రైతులు ఈ దారిలోనే సాగు ఒప్పందాల వేలం జరుపుకున్నారు. ఎవరు ఏ ధరకు సిద్ధపడ్డారో కంపెనీకి తెలిస్తే రేపటి బేరంలో రైతే నష్టపోతాడు. అందుకే ప్రతి అంకెనూ ముక్కలు చేసి మూడు కంప్యూటర్లకు పంచారు. ఒక్క ముక్కతో ఎవరికీ ఏమీ తెలియదు.

అయితే లెక్క గుట్టుగా సాగినా, జవాబు నోరు విప్పుతుంది. ‘ఫలానా మనిషి మన రెండు బ్యాంకుల్లోనూ బాకీ పడ్డాడా?’ అని అడిగామనుకోండి. మా దగ్గర బాకీ లేకపోతే, వచ్చే ‘కాదు’తో నాకు కొత్తగా ఏమీ తెలియదు. బాకీ ఉంటే మాత్రం, అవునన్నా కాదన్నా అవతలి బ్యాంకు రహస్యం నా చేతికి చిక్కినట్టే. అంటే, అప్పటికే పడి ఉన్నవాడి గుట్టే రట్టయింది.

ఎలా లెక్కించాలో గణితం చెబుతుంది. ఏది అడగవచ్చో, ఎవరి సమ్మతితో అడగాలో మనమే తేల్చుకోవాలి.