తప్పు తల్లిదేనా?

విరేచనాలతో పసిబిడ్డ చనిపోతే ఊళ్లో మొదట వినబడే మాట "తల్లికి తెలివి లేదు" అని. తండా బిడ్డ అయితే ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది. టీచర్లమైన మేము కూడా అన్నవాళ్లమే.

శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చింది. చుట్టూ దుకాణాలు పెరిగాయి. దేశమంతా అమ్మినట్టే ఇక్కడా తీపి నీళ్ల డబ్బాల మీద పెద్దగా "ఓఆర్‌ఎస్" అని రాసి అమ్మారు. మా దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న పిల్లే ఇప్పుడు తల్లి. ఆ అక్షరాలు చదివి, కూలి డబ్బులతో కొని బిడ్డకు తాగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు లీటరుకు 13.5 గ్రాములే. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లో నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు అట్లా వాడొద్దని ఆదేశించింది. అప్పటిదాకా చదువు రాని తల్లికన్నా చదివి నమ్మిన తల్లే ఎక్కువ మోసపోయిందేమో.

ప్రాణం మీదికి ఎవరికి వస్తుంది? రెండేళ్లలోపు బిడ్డకు, బక్కచిక్కిన బిడ్డకు, తల్లిపాలు అందని బిడ్డకు, ఈమధ్యే తట్టు పోసిన బిడ్డకు, మంచి నీళ్లూ దవాఖానా దూరమైన బిడ్డకు. ఇందులో ఏది తల్లి కోరుకున్నది? పాలు తాగే బిడ్డను వదిలి కూలికి పోవడం ఆమె ఇష్టమా?

అయితే మనవాళ్ల తప్పు అసలే లేదనలేం. "నీళ్లిస్తే ఇంకా పోతాయి" అని పాలూ నీళ్లూ ఆపించేది మన పెద్దవాళ్లే. పెద్దల మాటను గౌరవించాలని మేమే చెప్తాం. కానీ బిడ్డను చంపేది ఒంట్లో నీళ్లూ ఉప్పూ ఇంకిపోవడమే. ఈ ఒక్క మాట దగ్గర పెద్దలకు ఎదురు చెప్పక తప్పదు. అవ్వ ముందు కోడలు నోరు తెరవలేదు కాబట్టి ఆ మాట మేమే అనాలి. ఇన్నాళ్లూ మొహమాటపడ్డాం.

ఇప్పుడు క్లాసులో డబ్బాలు తెచ్చి వెనకవైపు చిన్న అక్షరాలు చదివిస్తున్నాం. మొన్న ఒక పిల్ల లేచి అడిగింది: "మా అమ్మకు చదవ రాదు కదా, ఆమె ఏం చూడాలి సార్?"

ఆశా అక్క ఊరికే ఇచ్చే పొడి పాకెట్టు అడగమన్నాం. లీటరు పాకెట్టయితే లీటరు మంచి నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. 14 రోజులు జింక్ బిళ్లలు వేయాలి. పాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ పిల్ల అదంతా నోట్సులో రాసుకుని, ఇంట్లో చదివి వినిపిస్తానంది.