కాకి ఎగిరిపోకముందే

దేవదత్తుడి ఇల్లు ఏదని అడిగితే "అదిగో, కాకి వాలిన ఇల్లు" అని చూపించడం మన శాస్త్రాల్లో పాత ఉదాహరణ. కాకి ఇంట్లో భాగం కాదు, కాసేపట్లో ఎగిరిపోతుంది. అయినా వెతికేవాణ్ణి సరైన గుమ్మానికి చేర్చింది. ఇలాంటి గుర్తును వేదాంతులు తటస్థ లక్షణం అన్నారు. వస్తువు నిజస్వభావాన్ని చెప్పేది స్వరూప లక్షణం.

మా ఆఫీసులో పాత కోడును కొత్త రిపాజిటరీల్లోకి మార్చే పని నాది. ఈ తేడా నాకు అక్కడే బాగా అర్థమైంది. కోడు మార్పుల చరిత్రను దాచే సబ్‌వెర్షన్‌లో ప్రతి కమిట్‌కూ, అంటే నమోదైన ప్రతి మార్పుకూ, వరుసగా ఒక రివిజన్ నంబరు పడుతుంది. డంప్ తీసి, అప్పటికే కమిట్లున్న మరో రిపాజిటరీలో లోడ్ చేస్తే పాత 4127 అక్కడ 5890 కావచ్చు. ఏ పాత రివిజన్ ఏ కొత్త నంబరుతో చేరిందో తెరమీద వరుసగా పడుతూ ఉంటుంది. మార్పు అదే, చేసిన మనిషి అతడే, తేదీ అదే. నంబరొక్కటే వేరు.

అదే పని చేసే మరో సాధనం గిట్. అది ప్రతి కమిట్‌కూ ఇచ్చే 40 అక్షరాల హ్యాష్ అలా పైనుంచి తగిలించింది కాదు. ఫైళ్లు, రచయిత, తేదీ, సందేశం, ముందరి కమిట్, అన్నిటినుంచీ లెక్కగట్టినది. మరి ఇది స్వరూప లక్షణమేనా? సందేశంలో ఒక్క అక్షరదోషం దిద్ది చూడండి. ఆ కమిట్‌దీ, దానిమీద వచ్చిన కమిట్లన్నిటిదీ హ్యాష్ మారిపోతుంది. కోడు మాత్రం చెక్కుచెదరదు. హ్యాష్ కూడా గుర్తే, కాస్త గట్టి గుర్తు.

అలాగని నంబర్లు పోతే పోనీ అంటే నేను ఒప్పుకోను. బగ్ టికెట్‌లో "ఆర్4127లో సరిచేశాం" అని రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. ఆ వాక్యం వెనక వచ్చేవాళ్లకు ఆయన ఇచ్చిన మాట. లోడ్ చేసినంత మాత్రాన టికెట్లలోని నంబర్లు వాటంతటవే మారవు. రేపు కొత్తగా చేరిన కుర్రాడు 4127 తెరిస్తే ఇంకెవరిదో మార్పు కనిపిస్తుంది. గుర్తు లేకపోవడం కన్నా తప్పుడు గుర్తు ప్రమాదం. పరమార్థంలో నిలవనిదానికి కూడా వ్యవహారంలో విలువుందని శంకరులే ఒప్పుకున్నారు.

అందుకే సబ్‌వెర్షన్ చరిత్రను గిట్‌లోకి తెచ్చే గిట్-ఎస్‌వీఎన్ కమిట్ సందేశం చివర చేర్చే వరుసను నేను తీసెయ్యనివ్వను. చూడ్డానికి బాగోదంటారు కానీ, పాత రిపాజిటరీ చిరునామా, రివిజన్ నంబరు అందులోనే ఉంటాయి. సబ్‌వెర్షన్‌లోనే ఉంటూ ఒక్క ఫోల్డరునే విడదీసేటప్పుడు ఖాళీ అయిన రివిజన్లను కూడా ఉంచి, కొత్త రిపాజిటరీలో లోడ్ చేస్తే పాత నంబర్లే నిలుస్తాయి. అదీ కుదరకపోతే పాత, కొత్త నంబర్ల పట్టిక రాసి కోడు పక్కనే పెట్టాలి.

గుర్తు వేరు, వస్తువు వేరని తెలుసుకోవడం జ్ఞానం. ఆ గుర్తును నమ్ముకున్నవాణ్ణి దారి తప్పనివ్వకపోవడం ధర్మం. పాత సర్వర్ ఆపేముందు ఆ పట్టిక రాయండి.